ప్లాన్‌లో 100 ఎంబీపీఎస్.. రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ ఎందుకు ఆగుతోంది?

రాత్రి తొమ్మిదిన్నర. ఇషా నమాజు అయింది, భోజనాలు కూడా అయ్యాయి. కువైట్‌లో అప్పుడు ఏడు గంటలు. డ్యూటీ దిగి గదికి చేరిన అబ్బా ఇంటికి వీడియో కాల్ చేసే వేళ. తెర మీద ముఖం కనిపిస్తుంది, సలాం వినిపిస్తుంది, రెండు మాటలు అయ్యేసరికి బొమ్మ బిగుసుకుపోతుంది. "వినబడుతోందా? వినబడుతోందా?" అనడంతోనే పావుగంట గడిచిపోతుంది. పిల్లలు ఫోన్ పట్టుకుని మేడ మీదికి ఒకసారి, వీధిలోకి ఒకసారి పరుగెడతారు.

భీమవరం, నరసాపురం, రాజోలు, అమలాపురం వైపు గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్లకు ఇది తెలిసిన కథే. ఆన్‌లైన్ కోచింగ్ వింటున్న పిల్లలున్న ఇళ్లకూ తెలుసు. కేబుల్ ఆపరేటర్‌ను అడిగితే తరచూ వచ్చే జవాబు ఒకటే: "ప్లాన్ పెంచుకోండి." నెలకు 200 రూపాయలు ఎక్కువ కడితే ఏడాదికి 2,400. అంత కట్టాక కూడా రాత్రి తొమ్మిదిన్నరకు బొమ్మ అలాగే బిగుసుకుంటే ఆ డబ్బు దేనికి కట్టినట్టు?

చాలా ఇళ్లలో లోపం ప్లాన్‌లో ఉండదు, పంపకంలో ఉంటుంది. ప్లాన్ మీద రాసి ఉన్న వేగం మీ ఒక్కరి సొత్తు కాదు. అది పదిమందితో కలిసి వాడే దారిలో మీకు దొరకగల గరిష్ఠ వాటా. ఆ వాటాను ఎవరు, ఎక్కడ, ఏ లెక్కన పంచుతున్నారో తెలిస్తే ఎక్కడ ఆగుతోందో కనిపెట్టడం సులువు. డబ్బు ఎప్పుడు కట్టాలో, ఎప్పుడు కట్టనక్కర్లేదో కూడా తేలుతుంది.

ట్రంకు కాల్ నుంచి ప్యాకెట్ దాకా

పాత రోజుల్లో ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చున్న సంగతి ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. కాల్ కలిసిందంటే ఆ లైను మొత్తం ఆ ఇద్దరిదే. మాట్లాడినా, మౌనంగా ఉన్నా ఇంకొకరు వాడటానికి లేదు. డిజిటల్ ఎక్స్ఛేంజీలు వచ్చాక కూడా ఒక్కో కాల్‌కు 64 కేబీపీఎస్ దారిని కాల్ ముగిసేదాకా కట్టిపెట్టేవారు. నాణ్యతకు హామీ ఉండేది, కానీ లైన్లు చాలేవి కావు. అందుకే ఆ ఎదురుచూపులు.

1960లలో అమెరికాలో పాల్ బారన్, బ్రిటన్‌లో డొనాల్డ్ డేవీస్ విడివిడిగా మరో పద్ధతి ఆలోచించారు. సమాచారాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద చిరునామా రాసి, అందరూ వాడే ఒకే దారిలో పంపడం. ఆ ముక్కకు 'ప్యాకెట్' అని పేరు పెట్టింది డేవీసే. మీరు మౌనంగా ఉన్న క్షణంలో మీ దారి ఇంకొకరికి పనికొస్తుంది. ఇంటర్నెట్ ఇంత చవకగా దొరకడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

చవకకు ఒక మూల్యం ఉంది. దారి అందరిదీ అయినప్పుడు అందరూ ఒకేసారి వస్తే క్యూ కట్టాలి. అప్పుడు ఎవరి ప్యాకెట్ ముందు పోవాలి, ఎవరిది ఆగాలి, ఎవరికి ఎంత అన్న ప్రశ్నకు స్విచ్‌లు, రౌటర్లు సెకనుకు లక్షల సార్లు జవాబు చెప్పాల్సి ఉంటుంది. దీన్నే బ్యాండ్‌విడ్త్ కేటాయింపు అంటారు.

గోదావరి జిల్లాలకు కొత్తేమీ కాదు

ఈ చిక్కు డెల్టా రైతుకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, ఆ తర్వాత దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ, నీటిని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలుగా పంచుతున్నాయి. సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు. ఖరీఫ్‌లో గోదావరి నిండుగా ఉన్నప్పుడు పంపకం గొడవ పెద్దగా ఉండదు. రబీలో నది సన్నబడ్డాక సీలేరు నుంచి నీళ్లు తెచ్చుకుంటూ, కాలువలకు వంతులవారీగా వదలాల్సి వస్తుంది. కాలువ మొదట్లో ఉన్నవాళ్లు తూము కాస్త ఎక్కువ తెరిస్తే శివారు భూములకు నీరు అందదు.

ఇంటర్నెట్‌కూ ఖరీఫ్, రబీ ఉన్నాయి. అవి రెండూ ఒకే రోజులో వస్తాయి. తెల్లవారుజామున ఫజర్ వేళ లైను ఖాళీ. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా కరువు. వీధి వీధంతా అదే సమయంలో ఓటీటీ, యూట్యూబ్, రీల్స్, ఆన్‌లైన్ క్లాసులు, గల్ఫ్ కాల్స్‌తో లైను మీద పడుతుంది.

స్తంభాల మీద ఫైబర్, గోడ మీద పెట్టె

డెల్టాలో ఇంటింటికీ ఫైబర్ అనే మాట గట్టిగా వినబడింది 2016 డిసెంబరులో. సఖినేటిపల్లి మండలం మోరి గ్రామాన్ని అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు డిజిటల్ గ్రామంగా ప్రారంభించారు. ఏపీ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ తొలిదశలో సుమారు 24 వేల కిలోమీటర్ల ఫైబర్‌ను భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. ఇంటర్నెట్, టీవీ చానళ్లు, ఫోన్ మూడూ కలిపి 149 రూపాయల ప్లాన్ ఆ రోజుల్లో పెద్ద చర్చ. ఊరి దాకా ఫైబర్ ప్రభుత్వానిది, వీధిలో కనెక్షన్ ఇచ్చేది స్థానిక కేబుల్ ఆపరేటర్. ఇప్పుడు ప్రైవేటు కంపెనీలూ ఊళ్లలోకి ఫైబర్ తెచ్చాయి.

ఏ కంపెనీదైనా ఇంటి దాకా వచ్చే ఫైబర్‌లో బాగా వాడుకలో ఉన్న పద్ధతి పేరు జీపాన్. ఆపరేటర్ గదిలో ఓఎల్‌టీ అనే పెట్టె ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి ఒక ఫైబర్ బయల్దేరుతుంది. స్తంభం మీద చిన్న డబ్బాలోని స్ప్లిటర్ ఆ ఒక్క ఫైబర్ వెలుగును 32 లేదా 64 ఇళ్లకు చీలుస్తుంది. మీ గోడ మీద మెరిసే ఓఎన్‌టీ పెట్టె ఆ చీలికల్లో ఒకదాని చివర ఉంటుంది.

ఆ ఒక్క ఫైబర్ మోయగలిగేది డౌన్‌లోడ్ వైపు సుమారు 2.5 జీబీపీఎస్, అప్‌లోడ్ వైపు సుమారు 1.25 జీబీపీఎస్. డౌన్‌లోడ్‌లో అందరి ప్యాకెట్లూ అందరి ఇళ్లకూ వెళతాయి. అయితే తాళం వేసి వెళతాయి, మీ పెట్టె మీవి మాత్రమే విప్పుకుంటుంది. అప్‌లోడ్‌లో 64 ఇళ్లు ఒకేసారి వెలుగు పంపితే అంతా కలగాపులగం అవుతుంది. అందుకే అక్కడ అచ్చంగా వంతులవారీ విధానమే నడుస్తుంది. "ఇప్పుడు నువ్వు, ఇంతసేపు" అని ఓఎల్‌టీ ఒక్కో ఇంటికి సమయం ఇస్తుంది. కాలువ లస్కర్ రోజుల లెక్కన చేసే పనిని ఇది సెకనుకు 8,000 ఫ్రేముల లెక్కన చేస్తుంది. ఎవరి దగ్గర పంపాల్సింది ఎక్కువ పోగుపడిందో చూసి వంతు పెంచుతుంది, ఖాళీగా ఉన్న ఇంటి వంతు తగ్గిస్తుంది. కొందరికి తప్పక ఇవ్వాల్సిన కనీస వాటా, మిగతావారికి మిగిలింది అనే తరగతులూ ఇందులో ఉంటాయి.

లెక్క వేసి చూస్తే

ఒక పోర్టు కింద 64 ఇళ్లు, అందరికీ 100 ఎంబీపీఎస్ ప్లాన్ అనుకుందాం. మొత్తం అమ్మింది 6,400 ఎంబీపీఎస్. ఉన్నది సుమారు 2,500. అంటే ఉన్నదానికి రెండున్నర రెట్లు అమ్మారు.

ఇది మోసమా? అంతమాత్రాన కాదు. వలీమాకు వెయ్యి మందిని పిలిచి వెయ్యి కుర్చీలు ఎవరూ వేయించరు. బంతులు బంతులుగా కూర్చుంటారని తెలుసు. బ్యాంకు కూడా డిపాజిట్లన్నీ నోట్ల రూపంలో కౌంటర్‌లో పెట్టుకోదు. అందరూ ఒకే క్షణంలో పూర్తి వేగం వాడరన్న నమ్మకం మీదే ఇంటర్నెట్ వ్యాపారం నడుస్తుంది. అలా నడవకపోతే ఒక్కో ఇంటి బిల్లు ఎన్నో రెట్లు అయ్యేది. ఎన్ని రెట్లు అమ్మారన్నదే అసలు ప్రశ్న.

వీధిలోని రెండున్నర రెట్లు పెద్ద సమస్య కాదు. ఇరుకు తరచూ దాని వెనక ఉంటుంది. ఓఎల్‌టీకి 16 పోర్టులుంటే 1,024 ఇళ్లు. ఆ అందరి ట్రాఫిక్ కలిసి పట్టణం వైపు వెళ్లే లింకు 10 జీబీపీఎస్ అయితే, అందరూ ఒకేసారి వాడితే ఇంటికి దాదాపు 10 ఎంబీపీఎస్. ఆపరేటర్ ఖర్చు తగ్గించుకోవడానికి 1 జీబీపీఎస్ లింకుతోనే నెట్టుకొస్తే ఇంటికి 1 ఎంబీపీఎస్ కూడా రాదు. గోడ మీద పెట్టె అదే, ఫైబర్ అదే, ప్లాన్ అదే. రాత్రి తొమ్మిదిన్నరకు దొరికేది మాత్రం వేరు. ఇలాంటి చోట మీ ఒక్కరి ప్లాన్ 100 నుంచి 200కు పెంచినా మహా అయితే మీ తూము పెద్దదవుతుంది, కాలువలో నీరు పెరగదు.

ఇంకో సంగతి. లింకు పూర్తిగా నిండకముందే ఆలస్యం మొదలవుతుంది. క్యూ గణితంలో ఒక సాదా సూత్రం ఉంది. లింకు సగం నిండినప్పుడు ప్యాకెట్ దాటడానికి పట్టే సమయం ఖాళీ లింకుతో పోలిస్తే రెండు రెట్లు. 80 శాతం నిండితే అయిదు రెట్లు, 90 శాతానికి పది రెట్లు, 95 శాతానికి ఇరవై రెట్లు. చివరి అయిదారు శాతమే ప్రాణం తీస్తుంది. ట్రాయ్ 2006లో తెచ్చిన బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనల్లో రద్దీ వేళ లింకుల వాడకం 80 శాతం దాటకూడదని పెట్టడం వెనక ఉన్న తర్కం ఇలాంటిదే.

ఎవరికి ఎంత? న్యాయం అంటే ఏమిటి?

100 ఎంబీపీఎస్ లింకు, నలుగురు వాడకందార్లు. ఒకరికి 5 కావాలి, ఒకరికి 15, ఒకరికి 50, ఒకరికి 80. మొత్తం 150 అడుగుతున్నారు. ఎలా పంచాలి?

నలుగురికీ తలా 25 అంటే మొదటి వారి దగ్గర 20, రెండో వారి దగ్గర 10 వృథా. అడిగిన దామాషాలో ఇస్తే పెద్దగా అడిగినవాడికే లాభం, రేపటి నుంచి అందరూ ఎక్కువే అడుగుతారు. నెట్‌వర్క్ ఇంజనీర్లు ఎక్కువగా మెచ్చే పద్ధతి ఇది: ముందు తక్కువ అవసరం ఉన్నవారికి పూర్తిగా ఇచ్చేయాలి. 5, 15 పోగా మిగిలిన 80ని మిగతా ఇద్దరికీ సమంగా 40, 40 ఇవ్వాలి. చిన్న అవసరం ఎన్నడూ ఆగదు, పెద్ద అవసరం దొరికినంతలో సర్దుకుంటుంది, వృథా ఉండదు. 1 లేదా 2 ఎంబీపీఎస్‌తో నడిచిపోయే అబ్బా వీడియో కాల్‌కు ఈ పద్ధతి వరం.

మన సంప్రదాయంలోనూ పంపకానికి హద్దు పెట్టిన ఉదాహరణ ఉంది. మదీనాలో మహ్‌జూర్ వాగు నీటి విషయంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) తీర్పు హదీసు గ్రంథాల్లో కనిపిస్తుంది. ఎగువ పొలం వారు చీలమండల దాకా నీరు నిలుపుకుని, ఆపైన దిగువ వారికి వదిలేయాలన్నది దాని సారాంశం. ముందున్నవారి హక్కును తీసేయలేదు, కానీ దానికి ఒక కొలత పెట్టారు. నెట్‌వర్క్‌లో ఒక్కో కనెక్షన్‌కు వేగ పరిమితి పెట్టడం వెనక ఉన్నదీ ఆ ఆలోచనే. ముందున్నవాడు ఒక కొలత దాటి పట్టుకోకూడదు.

అలాంటి కొలత లేకపోతే ఏమవుతుందో 1986లో అమెరికాలో తెలిసొచ్చింది. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకూ, పక్కనే ఉన్న యూనివర్సిటీకీ మధ్య దూరం 400 గజాలు. వాటి మధ్య 32 కేబీపీఎస్ నడవాల్సిన లింకు సెకనుకు 40 బిట్లకు పడిపోయింది. కారణం తెగిన తీగ కాదు. క్యూ నిండి ప్యాకెట్లు పోతుంటే ప్రతి కంప్యూటరూ అవే ప్యాకెట్లను మళ్లీ మళ్లీ పంపి రద్దీని పెంచింది. వాన్ జేకబ్సన్ 1988లో ప్రచురించిన పరిష్కారం ఇవాళ్టికీ ఇంటర్నెట్‌కు పునాది. దారి బాగుంటే వేగాన్ని కొద్దికొద్దిగా పెంచు, ప్యాకెట్ పోతే వెంటనే బాగా తగ్గించు. మీ ఫోన్‌లో జరిగే డౌన్‌లోడ్‌లు కూడా ఇలాంటి నియమంతోనే తమకు తాము కళ్లెం వేసుకుంటాయి.

ఈ నియమంలో ఒక సందు ఉంది. వాటా ఇంటికి కాదు, కనెక్షన్‌కు వస్తుంది. పక్కింటి కుర్రాడు సినిమా దించడానికి టొరెంట్‌లో 30 కనెక్షన్లు తెరిస్తే అతనికి 30 వాటాలు, మీ కాల్‌కు ఒకటే. దీన్ని సరిదిద్దాల్సింది ఆపరేటర్ స్విచ్. ఒక్కో చందాదారుకు విడి క్యూ పెట్టి, అన్ని క్యూల నుంచీ వంతుగా తీసే పద్ధతులను 1989లో డెమర్స్, కేశవ్, షెంకర్ ప్రతిపాదించారు. దాన్నే తక్కువ ఖర్చుతో చేసే ఉపాయాన్ని 1995లో శ్రీధర్, జార్జ్ వర్గీస్ ఇచ్చారు. పరికరంలో ఈ సదుపాయం ఉన్నా సెట్టింగ్ పెట్టకపోతే ఫలితం ఉండదు.

మరి టీవీ చానల్ ఎందుకు ఆగదు?

అదే ఫైబర్‌లో వచ్చే టీవీ బాగానే ఉంటుంది, యూట్యూబ్ మాత్రం తిరుగుతూ ఉంటుంది. దీనికీ పంపకమే కారణం. ఫైబర్ టీవీలో ఒక చానల్‌ను వీధిలో 40 ఇళ్లు చూస్తున్నా ఫైబర్ మీద వచ్చేది ఒకే ప్రతి. మసీదు మైకులో అజాన్ ఒక్కసారి చెబితే ఊరంతా విన్నట్టు. యూట్యూబ్, ఓటీటీ అలా కాదు. ఎవరి వీడియో వారిది, ఒక్కో ఇంటికి విడిగా ఒక ప్రతి రావాలి. పైగా టీవీ ప్యాకెట్లకు, ఫోన్ ప్యాకెట్లకు స్విచ్‌లో ముందు వరస ఇవ్వడం మామూలే. ఇంటర్నెట్‌కు మిగిలిన వరస.

ఇంట్లోనే ఉన్న క్యూ

అన్నిసార్లూ తప్పు ఆపరేటర్‌ది కాదు. ఒక ఇంట్లో తమ్ముడు నిఖా వీడియోలు గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కిస్తున్నాడు, అదే సమయంలో అక్క వీడియో కాల్‌లో ఉంది. అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్. రౌటర్‌లో ప్యాకెట్లు ఆగే చోటు 1 ఎంబీ అనుకుంటే అది 8 మెగాబిట్లు. అది నిండితే అక్క మాట ఆ వరస చివర నిలబడి 0.8 సెకన్లు ఆగాలి. మాట ఒకవైపు చేరడానికి 0.15 సెకన్ల లోపు పడితేనే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికం సంఘం ప్రమాణం. వేగం ఉంది, కానీ మాట ఆలస్యంగా చేరుతోంది. స్పీడ్ టెస్ట్ మాత్రం 'అంతా బాగుంది' అంటుంది.

దీనికి డబ్బు అక్కర్లేదు. పెద్ద అప్‌లోడ్‌లు, ఫోన్ బ్యాకప్‌లు రాత్రి పదకొండు తర్వాత జరిగేలా పెట్టుకోవాలి. కొన్ని రౌటర్లలో క్యూఓఎస్ అనే సెట్టింగ్ ఉంటుంది. అందులో అప్‌లోడ్ పరిమితిని అసలు వేగంలో 85, 90 శాతం దగ్గర పెడితే క్యూ పేరుకోదు.

వైఫై కూడా పంచుకునే దారే. రౌటర్ హాల్లో, ఫోన్ వెనక గదిలో ఉంటే మధ్యలో రెండు గోడలు. దూరంగా ఉన్న ఫోన్ నెమ్మదిగా మాట్లాడుతుంది, దాని వంతు ముగిసేదాకా దగ్గర ఉన్న ఫోన్లూ ఆగాలి. దగ్గరి గదుల్లో 5 గిగాహెర్ట్జ్ వైఫై వాడితే పక్కిళ్ల వైఫైతో గొడవ తగ్గుతుంది. గోడలు దాటాలంటే 2.4 మేలు.

ఫైబర్ లేక మొబైల్ డేటా మీదే నడిచే ఇళ్లకూ ఇదే సూత్రం. టవర్ ఒకటి, ఫోన్లు వందలు. సిగ్నల్ బాగున్న ఫోన్‌కు అదే సమయంలో ఎక్కువ డేటా అందుతుంది, లంక గ్రామాల్లో అంచున ఉన్న ఫోన్‌కు తక్కువ. అక్కడ శివారు భూమి అంటే శివారు ఇల్లే.

డేటా పరిమితి దాటాక

'అన్‌లిమిటెడ్' ప్లాన్లలో కొన్నింటికి ఎఫ్‌యూపీ అనే షరతు ఉంటుంది. ఇన్ని జీబీలు దాటాక వేగం తగ్గిస్తారు. నెల మొదటి వారాల్లో బాగుండి చివరి వారంలో పగలూ రాత్రీ నెమ్మదిస్తే ముందు చూడాల్సింది ఇదే. 2016లో ట్రాయ్ ఇచ్చిన ఆదేశం ప్రకారం ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో పరిమితి దాటాక కూడా వేగం 512 కేబీపీఎస్ కంటే తగ్గించకూడదు. పరిమితి ఎంత, దాటాక వేగం ఎంత అన్నది చందాదారుకు స్పష్టంగా చెప్పాలి. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ అనే మాటకు కనీస డౌన్‌లోడ్ వేగాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచింది.

మూడు రోజుల పరీక్ష

ప్లాన్ మార్చే ముందు ఈ పని చేస్తే ఎక్కడ ఆగుతోందో చాలావరకు తేలిపోతుంది. కావాల్సింది ఒక ల్యాప్‌టాప్, ఒక లాన్ కేబుల్, ఒక నోటు పుస్తకం.

మొదటిది, ఫజర్ తర్వాత ఒకసారి, ఇషా తర్వాత తొమ్మిదిన్నరకు ఒకసారి స్పీడ్ టెస్ట్ చేయాలి. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా పెట్టెకు కలిపి ఒకసారి, మామూలుగా కూర్చునే చోట వైఫైలో ఒకసారి. ఆ సమయంలో ఇంట్లో మిగతా ఫోన్ల వైఫై ఆపేయాలి. మూడు రోజులు తేదీ, టైము, డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ అంకెలు రాసుకోవాలి. స్క్రీన్‌షాట్లు దాచుకోవాలి.

రెండోది, ఒక పెద్ద వీడియో అప్‌లోడ్‌కు పెట్టి, అది నడుస్తుండగా పింగ్ చూడాలి.

ఫలితాలను ఇలా చదువుకోవచ్చు. కేబుల్‌లో రెండు పూటలా బాగుండి వైఫైలో తగ్గితే లోపం ఇంట్లోనే ఉంది. రౌటర్ చోటు మార్చాలి, ప్లాన్ కాదు. కేబుల్‌లో పొద్దున బాగుండి రాత్రి బాగా పడిపోతే ఆపరేటర్ వైపు లింకు నిండిపోతోంది. ఇదే ఫిర్యాదు చేయాల్సిన సందర్భం, ప్లాన్ పెంచాల్సిన సందర్భం కాదు. రెండు పూటలా తక్కువే ఉంటే ఎఫ్‌యూపీ దాటి ఉండాలి, లేదా ఫైబర్ కనెక్టర్‌లో, వంపులో లోపం ఉండాలి. పెట్టె మీద ఎర్ర లైటు వెలిగితే అది లైను సమస్యే. వేగం బాగానే ఉండి, అప్‌లోడ్ జరుగుతున్నప్పుడు పింగ్ 20 నుంచి 500కు ఎగిరితే ఇంటి రౌటర్‌లో క్యూ సమస్య.

అన్నీ బాగుండి కేవలం వాడకం ఎక్కువై చాలకపోతే అప్పుడు ప్లాన్ పెంచడంలో అర్థం ఉంది. ఒక హెచ్‌డీ సినిమాకు 5 ఎంబీపీఎస్, 4కే సినిమాకు 15 దాకా చాలు. వీడియో కాల్‌కు 1 లేదా 2. ఇద్దరు సినిమా, ఒకరు క్లాసు, ఒకరు కాల్ అయినా 40 ఎంబీపీఎస్ నిజంగా అందితే ఇల్లు హాయిగా గడుస్తుంది. 'నిజంగా అందితే' అన్నదే ముఖ్యం.

ఆపరేటర్‌ను ఏం అడగాలి?

"నెట్ స్లో" అని చెబితే "రీస్టార్ట్ చేయండి" అన్న జవాబే వస్తుంది. నోటు పుస్తకం చేతిలో పెట్టుకుని ఇవి అడగాలి. మా పోర్టు కింద ఎన్ని ఇళ్లున్నాయి? ఇక్కడి నుంచి వెళ్లే లింకు ఎంత, రాత్రి తొమ్మిదికి ఎంత శాతం నిండుతోంది? ఒక్కో చందాదారుకు కనీస వాటా పెట్టారా? ఎఫ్‌యూపీ ఎంత? నిజాయితీగల ఆపరేటర్‌కు ఇవి ఇబ్బంది ప్రశ్నలు కావు. వీధిలో అయిదారు ఇళ్లవారు ఒకే అంకెలతో వెళితే పైకంపెనీని అడగడానికి ఆయనకూ బలం వస్తుంది.

పని జరగకపోతే కంపెనీ కాల్ సెంటర్‌లో ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ తీసుకోవాలి. అక్కడా తేలకపోతే అదే కంపెనీ అప్పీలు విభాగానికి వెళ్లాలి. ట్రాయ్ 2012 నిబంధనల్లో పెట్టిన రెండు మెట్లు ఇవే. ట్రాయ్ నేరుగా ఒక్కో వ్యక్తి ఫిర్యాదును పరిష్కరించదు. వినియోగదారుల కమిషన్ తలుపూ తెరిచే ఉంది. టెలికం సేవల కేసులు వినే అధికారం వినియోగదారుల ఫోరాలకు ఉందని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అక్కడ మాట కంటే మూడు రోజుల అంకెలకు, స్క్రీన్‌షాట్లకు, డాకెట్ నంబర్‌కు విలువ ఎక్కువ.

కాలువకు నీరు రాకపోతే డెల్టా రైతు తన తూమును పెద్దది చేసుకుని ఊరుకోడు. పై లాకు దగ్గరికి వెళ్లి నీరు ఎక్కడ ఆగిందో చూస్తాడు. నెలనెలా నెట్ బిల్లు కట్టే కుటుంబం చేయాల్సిందీ అదే. ఈ రాత్రి కాల్ మళ్లీ బిగుసుకుపోతే ప్లాన్ మార్చడానికి ఫోన్ తీయకండి. ముందు లాన్ కేబుల్ తీయండి.